వెబ్‌మెయిల్ ఖాతాను డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్‌లో చిక్కులు లేకుండా వాడుకోవడం ఎలా

జీమెయిల్, యాహూ మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ వంటి ఖాతాలను ఎక్కువమంది బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి చూసుకుంటారు. రోజుకు నాలుగైదు మెయిళ్లు చదివేవారికి అంతకుమించి అవసరం ఉండదు. రెండు మూడు ఖాతాలను ఒకేచోట చూడాలనుకునేవారికి, ఏళ్లనాటి మెయిళ్లలో తరచుగా వెతుక్కునేవారికి, ఇంటర్నెట్ లేనప్పుడు కూడా చదువుకోవాలనుకునేవారికి, తమ మెయిళ్ల నకలు తమ సొంత డిస్కులో ఉండాలని కోరుకునేవారికి మాత్రం థండర్‌బర్డ్, అవుట్‌లుక్, యాపిల్ మెయిల్ వంటి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ బాగా పనికివస్తుంది.

అయితే వెబ్‌మెయిల్ సంస్థలు తమ సేవను ప్రధానంగా బ్రౌజర్ కోసం తయారుచేశాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు అంతకంటే పాతవైన ప్రమాణాల మీద నడుస్తాయి. పంపిన మెయిల్ రెండుసార్లు కనిపించడం, తొలగించిన మెయిల్ మళ్లీ ప్రత్యక్షం కావడం, సరైన పాస్‌వర్డ్‌నే తప్పని తిరస్కరించడం వంటి చికాకుల్లో చాలావాటికి కారణం ఈ రెండు పద్ధతులకూ పొంతన కుదరకపోవడమే. ఎక్కడెక్కడ పొంతన కుదరదో తెలిస్తే ఆ నాలుగైదు చోట్ల మాత్రం సర్దుబాటు చేసి, తక్కినదంతా ప్రోగ్రామ్‌కే వదిలేయవచ్చు. ఈ వ్యాసంలో ఉదాహరణలను థండర్‌బర్డ్ నుంచి తీసుకుంటున్నాను. అది ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, సెట్టింగ్స్‌ను దాచిపెట్టదు. ఇతర ప్రోగ్రాముల్లో మెనూల పేర్లు మారతాయి కానీ విషయం ఇదే.

ఐమ్యాప్ కావాలా, పాప్ కావాలా

సర్వర్ నుంచి మెయిళ్లు తెచ్చుకునే రెండు పద్ధతుల పేర్లు ఇవి. ఖాతా చేర్చేటప్పుడు ప్రోగ్రామ్ అడిగే ముఖ్యమైన ప్రశ్న ఇది. చాలామంది దీన్ని చూడకుండానే ముందుకు వెళ్లిపోతారు గానీ, తర్వాత వచ్చే మంచిచెడ్డలన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి. పాప్ 1984లో రూపుదిద్దుకుంది. టెలిఫోన్ లైను మీద కాసేపు సర్వర్‌కు తగులుకుని, వచ్చిన మెయిళ్లను ఒకే ఒక కంప్యూటర్‌లోకి దించుకుని, లైను తెంచేసే రోజులకు తగిన పద్ధతి అది. దానికి ఫోల్డర్ల సంగతి తెలియదు. ఒక మెయిల్‌ను మీరు చదివారో లేదో సర్వర్‌కు తిరిగి చెప్పదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమ్యాప్‌లో అసలు ప్రతి సర్వర్ మీదే ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ఉండేది దాని ప్రతిబింబం. ఇక్కడ చదివితే అక్కడ చదివినట్టే, ఇక్కడ ఫోల్డర్ మారిస్తే ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ మారినట్టే.

ఒకే ఖాతాను ఫోన్‌లో, బ్రౌజర్‌లో, కంప్యూటర్‌లో చూసేవారు ఐమ్యాప్ ఎంచుకోవాలి. ఇందులో నాకు సందేహం లేదు. పాప్‌కు నేటికీ మిగిలిన ఉపయోగం ఒక్కటే: సర్వర్ మీద స్థలం నిండిపోయినప్పుడో, మెయిళ్లన్నీ తన డిస్కులోనే ఉండాలనుకున్నప్పుడో వాటిని శాశ్వతంగా దించుకోవడం. అలా చేసేవారు మెయిళ్ల ప్రతిని సర్వర్ మీద ఉంచాలో వద్దో చెప్పే గడిని తప్పక చూసుకోవాలి. అది ఖాళీగా ఉంటే, దించుకున్న మెయిల్ సర్వర్ నుంచి పోయి, ఫోన్‌లో ఇన్‌బాక్స్ ఖాళీ అవుతుంది. జీమెయిల్‌లో ఈ నిర్ణయం ఖాతా సెట్టింగ్స్ వైపు కూడా ఉంటుంది కాబట్టి రెండు చోట్లా చూడాలి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు

పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి ఖాతా చేర్చబోయేవారు ఆగిపోయేది ఇక్కడే. ఒకప్పుడు బ్రౌజర్‌లో వాడే పాస్‌వర్డ్‌నే ప్రోగ్రామ్‌లో కొడితే సరిపోయేది. పాస్‌వర్డ్‌ను ప్రతి ప్రోగ్రామ్ చేతికీ ఇవ్వడం ప్రమాదమని సంస్థలు ఆ దారిని ఒక్కొక్కటిగా మూసేశాయి. గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి, మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ డాట్ కామ్ వ్యక్తిగత ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16 నుంచి ఆ సదుపాయాన్ని ఆపేశాయి. అందుకే మీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా సరైనదే అయినా సర్వర్ దాన్ని తిరస్కరిస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం పాస్‌వర్డ్ తప్పని చెబుతుంది. ఆ మాట నమ్మి పాస్‌వర్డ్ మార్చుకోవడం వల్ల ఏమీ ఒరగదు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది, మేలైనది, ఓఆత్2. ఖాతా చేర్చగానే ప్రోగ్రామ్ ఒక చిన్న కిటికీ తెరుస్తుంది. అందులో కనిపించేది ఆ మెయిల్ సంస్థ సొంత సైన్-ఇన్ పేజీ. పైభాగంలో ఉన్న చిరునామా ఆ సంస్థదేనని ఒకసారి చూసుకుని పాస్‌వర్డ్, ఆ వెంట ఫోన్‌కు వచ్చే కోడ్ ఇవ్వాలి. ఈ ప్రోగ్రామ్‌కు మీ మెయిల్ చూసే అనుమతి ఇస్తారా అని అడిగిన పేజీలో ఒప్పుకున్నాక కిటికీ మూసుకుపోతుంది. ప్రోగ్రామ్‌కు అందేది మీ పాస్‌వర్డ్ కాదు, ఒక టోకెన్, అంటే అనుమతి చీటీ లాంటి రహస్య సంకేతం. కావాలనుకున్నప్పుడు దాన్ని ఖాతా భద్రతా పేజీలో రద్దు చేయవచ్చు. ఆ కిటికీ తెల్లగా ఉండిపోయినా, సైన్-ఇన్ పూర్తయ్యాక మళ్లీ మొదటికే వచ్చినా థండర్‌బర్డ్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' విభాగంలో కుకీలకు అనుమతి ఉందో లేదో చూడాలి. బ్రౌజర్‌లో కుకీలు ఉన్నంత మాత్రాన చాలదు, థండర్‌బర్డ్‌కు వేరే కుకీలు ఉంటాయి.

రెండవది యాప్ పాస్‌వర్డ్. ఓఆత్2 తెలియని పాత ప్రోగ్రామ్ వాడేవారికి ఇది ఉపయోగం. ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసుకుంటేనే గూగుల్ ఈ సదుపాయాన్ని ఇస్తుంది. 16 అక్షరాల పాస్‌వర్డ్‌ను గూగులే తయారుచేసి ఒక్కసారి మాత్రమే చూపిస్తుంది, దాన్ని అలాగే ప్రోగ్రామ్‌లో పెట్టాలి. యాహూలోనూ యాప్ పాస్‌వర్డ్ ఉంది. అవుట్‌లుక్ డాట్ కామ్‌కు మాత్రం ఓఆత్2 తప్ప మార్గం లేదనే అనుకోవాలి. కాబట్టి చాలా పాత ప్రోగ్రామ్‌తో ఆ ఖాతాను కలపాలని కుస్తీ పట్టేకంటే ప్రోగ్రామ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవడమే సులువు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా యాప్ పాస్‌వర్డ్‌లు చెల్లకుండా పోతాయనీ, ఓఆత్ అనుమతి కూడా మళ్లీ ఇవ్వవలసి వస్తుందనీ గుర్తుంచుకుంటే, పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు మెయిల్ ఆగిపోయిందని కంగారు పడే అవసరం ఉండదు.

ఖాతా వైపు ఇంకొకటి చూడాలి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాల్లో 2025 జనవరి నుంచి ఐమ్యాప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని ఆన్ చేయమని చెప్పే పాత సూచనలను వదిలేయవచ్చు. అవుట్‌లుక్ డాట్ కామ్‌లో 'ఫార్వర్డింగ్ అండ్ ఐమ్యాప్' అనే చోటికి వెళ్లి అనుమతి ఉందో లేదో చూడాలి. కార్యాలయమో కళాశాలో ఇచ్చిన ఖాతా అయితే ఇది అక్కడి అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంటుంది, మీ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఖాతా చేర్చడం

పేరు, మెయిల్ చిరునామా ఇచ్చి 'కంటిన్యూ' నొక్కితే థండర్‌బర్డ్ పేరున్న సంస్థల సర్వర్ వివరాలను తన జాబితా నుంచి తానే తెచ్చుకుంటుంది. పెద్ద సంస్థల ఖాతాలకు ఇంతకంటే ఏమీ చేయనక్కరలేదు. వివరాలు దొరకనప్పుడు సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లో ఆ సేవకు కేటాయించిన సంఖ్య) చేత్తో నింపాలి: లోపలికి వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్ అయితే 993 పోర్టు, పాప్ అయితే 995 పోర్టు, రెండింటికీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ భద్రత. బయటికి వెళ్లే మెయిల్‌కు ఎస్ఎంటీపీ సర్వర్ వేరుగా ఉంటుంది. దానికి 465 పోర్టుతో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, లేదా 587 పోర్టుతో స్టార్ట్‌టీఎల్ఎస్. ఈ జతలను తారుమారు చేస్తే, అంటే 465కు స్టార్ట్‌టీఎల్ఎస్ పెడితే, ప్రోగ్రామ్ చాలాసేపు తిరిగి చివరికి సర్వర్ స్పందించడం లేదని చెబుతుంది. 25 పోర్టు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఉద్దేశించినది, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలు దాన్ని తరచుగా మూసి ఉంచుతాయి కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. యూజర్ నేమ్ గడిలో చిరునామా మొత్తం రాయాలి, ఎట్ గుర్తుకు ముందున్న భాగం మాత్రమే రాస్తే చాలాచోట్ల చెల్లదు.

మెయిళ్లు వస్తున్నాయి గానీ వెళ్లడం లేదంటే ఐమ్యాప్ సెట్టింగ్స్‌ను కదపకూడదు. అవి సరిగ్గా ఉన్నాయి కాబట్టే మెయిళ్లు వస్తున్నాయి. లోపం ఎస్ఎంటీపీలో ఉంది. దాని పోర్టు, దాని ధ్రువీకరణ పద్ధతి విడిగా చూడాలి. ఓఆత్2ను ఐమ్యాప్‌కు పెట్టి ఎస్ఎంటీపీకి 'నార్మల్ పాస్‌వర్డ్' అనే ఉంచేయడం తరచుగా జరిగేదే. రెండు మూడు ఖాతాలున్నప్పుడు ప్రతి ఖాతాకూ దాని సొంత ఎస్ఎంటీపీ సర్వర్ అంటగట్టి ఉందో లేదో కూడా చూసుకోవాలి. యాహూ చిరునామాతో రాసిన మెయిల్‌ను మరో సంస్థ సర్వర్ ద్వారా పంపితే, ఆ చిరునామా పేరుతో మెయిల్ పంపే హక్కు ఆ సర్వర్‌కు ఉందా అని అందుకునేవారి సర్వర్ ఎస్‌పీఎఫ్, డీమార్క్ అనే తనిఖీలతో చూస్తుంది. లేదని తేలితే ఆ మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదా అసలు చేరదు. మీ వైపు మాత్రం వెళ్లినట్టే కనిపిస్తుంది.

జీమెయిల్ లేబుళ్లతో వచ్చే చిక్కు

వెబ్‌మెయిళ్లన్నిటిలోకీ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌తో ఎక్కువ పేచీ పెట్టేది జీమెయిల్. దానికి నిజానికి ఫోల్డర్లు లేవు. ఒక మెయిల్ ఒకేచోట ఉంటుంది, దానికి ఎన్ని లేబుళ్లైనా అంటించవచ్చు. ఐమ్యాప్‌కు తెలిసినది ఫోల్డర్లే కాబట్టి ప్రతి లేబుల్‌నూ ఒక ఫోల్డర్‌గా చూపిస్తుంది. మూడు లేబుళ్లున్న మెయిల్ మూడు ఫోల్డర్లలో కనిపిస్తుంది, 'ఆల్ మెయిల్' అనే నాలుగో ఫోల్డర్‌లోనూ కనిపిస్తుంది. వెతికినప్పుడు ఒకే మెయిల్ నాలుగుసార్లు రావడానికీ, డిస్కులో ఊహించినదానికంటే ఎక్కువ స్థలం పోవడానికీ ఇదే కారణం.

దీన్ని ప్రోగ్రామ్‌లో కంటే జీమెయిల్‌లోనే సరిచేయడం మంచిది. బ్రౌజర్‌లో సెట్టింగ్స్ తెరిచి 'లేబుల్స్' అనే విభాగంలోకి వెళితే, ప్రతి లేబుల్ పక్కనా 'షో ఇన్ ఐమ్యాప్' అనే గడి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో మీరు వాడని లేబుళ్లకు, 'ఇంపార్టెంట్', 'చాట్స్' వంటివాటికి దాన్ని తీసేయాలి. 'ఆల్ మెయిల్' విషయంలో మాత్రం తొందరపడకూడదు. మీరు మెయిళ్లను ఆర్కైవ్ చేసే, అంటే తొలగించకుండా ఇన్‌బాక్స్ నుంచి పక్కకు తీసి దాచుకునే అలవాటున్నవారైతే, ఏ లేబులూ లేని ఆర్కైవ్ మెయిళ్లు ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి, దాన్ని దాచేస్తే అవి డెస్క్‌టాప్‌లో కనిపించనే కనిపించవు. అటువంటివారు 'ఆల్ మెయిల్'ను కనిపించనిచ్చి, దాని ప్రతిని డిస్కులోకి దించుకోవడం మాత్రం ఆపుకోవచ్చు.

తొలగించడంలోనూ ఇదే తేడా పనిచేస్తుంది. ఒక ఫోల్డర్ నుంచి మెయిల్ తీసేశామని ప్రోగ్రామ్ చెప్పినప్పుడు, జీమెయిల్ ఆ లేబుల్‌ను మాత్రమే తీసి మెయిల్‌ను 'ఆల్ మెయిల్'లో ఉంచేయవచ్చు. పోయిందనుకున్న మెయిల్ నెల తర్వాత వెతుకులాటలో బయటపడితే ఆశ్చర్యపోనక్కరలేదు. థండర్‌బర్డ్‌లో 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'సర్వర్ సెట్టింగ్స్' తెరిచి, తొలగించిన మెయిల్‌ను ఏ ఫోల్డర్‌కు పంపాలో అడిగే చోట జీమెయిల్ వారి 'ట్రాష్' లేదా 'బిన్' ఫోల్డర్‌ను ఎంచుకోవాలి. అక్కడికి చేరిన మెయిల్‌ను జీమెయిల్ 30 రోజుల తర్వాత శాశ్వతంగా చెరిపేస్తుంది. థండర్‌బర్డ్ సొంతంగా ఇంకో 'ట్రాష్' ఫోల్డర్ సృష్టించి ఉంటే, అందులోని మెయిళ్లను అసలు ట్రాష్‌కు మార్చి దాన్ని తీసేయండి. ఆర్కైవ్ బొత్తానికీ ఇదే వర్తిస్తుంది. 'కాపీస్ అండ్ ఫోల్డర్స్'లో ఆర్కైవ్ స్థానంగా 'ఆల్ మెయిల్' చూపించకపోతే సంవత్సరాల పేర్లతో కొత్త లేబుళ్లు పుట్టుకొస్తాయి.

పంపిన మెయిల్ రెండుసార్లు కనిపించడానికి కారణం వేరు. జీమెయిల్ ఎస్ఎంటీపీ ద్వారా వెళ్లిన ప్రతి మెయిల్‌నూ సర్వరే 'సెంట్'లో దాస్తుంది. ప్రోగ్రామ్ కూడా తన అలవాటు కొద్దీ ఒక నకలు అక్కడ పెడుతుంది. ఇతర సంస్థల సర్వర్లు ఏం చేస్తాయో ఊహించే బదులు పరీక్షించి చూడటం తేలిక. మీ మరో చిరునామాకు ఒక మెయిల్ పంపి, బ్రౌజర్‌లో 'సెంట్' తెరవండి. రెండు ప్రతులుంటే 'కాపీస్ అండ్ ఫోల్డర్స్'లో నకలు పెట్టమనే గడిని తీసేయాలి. ఒకటే ఉంటే ముట్టుకోవద్దు. ఒక్కటీ లేకపోతే ఆ గడిని పెట్టాలి, అది సర్వర్ మీది 'సెంట్' ఫోల్డర్‌నే చూపిస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

ఆ పరీక్ష మెయిల్‌కు తెలుగులో సబ్జెక్టు పెడితే ఇంకో సందేహం కూడా తీరుతుంది. ఇప్పటి ప్రోగ్రాములన్నీ యూనికోడ్‌ను సరిగ్గానే పంపుతాయి. పాత మెయిళ్లలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం థండర్‌బర్డ్ 'వ్యూ' మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కి చూడండి. యూనికోడ్ రాకముందు ప్రత్యేక ఫాంట్లతో రాసిన మెయిళ్లకు అది కూడా పనిచేయదు.

మొదటిసారి దించుకునేటప్పుడు

పదిహేనేళ్ల జీమెయిల్ ఖాతాను చేర్చి, అన్ని ఫోల్డర్లనూ ఒకేసారి దించుకోమంటే మధ్యలో ఆగిపోవచ్చు. ఐమ్యాప్ ద్వారా ఒక రోజులో దించుకునే పరిమాణానికి గూగుల్ 2500 ఎంబీ హద్దు పెట్టింది. అది దాటితే ఖాతా కొంతసేపు తాత్కాలికంగా నిలిచిపోతుంది. కంప్యూటర్‌ను ఆన్‌లో ఉంచి రెండు మూడు రోజులు నిదానంగా జరగనివ్వడమే ఉత్తమం. 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్'లో ఏ ఫోల్డర్లు డిస్కులోకి రావాలో, ఎన్నాళ్లనాటి మెయిళ్లు రావాలో ఎంచుకోవచ్చు. ఇన్‌బాక్స్‌తో మొదలుపెట్టి తక్కినవి ఒక్కొక్కటి చేర్చుకుంటూ పోతే ఏది నెమ్మదిస్తోందో తెలుస్తుంది.

ఒకే ఖాతాకు ఏకకాలంలో 15 ఐమ్యాప్ కనెక్షన్లను మాత్రమే జీమెయిల్ ఒప్పుకుంటుంది. థండర్‌బర్డ్ ఒక్కటే సాధారణంగా ఐదు తెరవగలదు. దానికి ఫోన్, ట్యాబ్లెట్, ఇంకో కంప్యూటర్ తోడైతే కనెక్షన్లు ఎక్కువయ్యాయనే హెచ్చరిక వస్తుంది. 'సర్వర్ సెట్టింగ్స్'లో 'అడ్వాన్స్‌డ్' తెరిచి ఆ సంఖ్యను రెండుకో మూడుకో తగ్గిస్తే సరిపోతుంది. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నిటినీ ఒకే ఫైలులో దాస్తుంది. అందులో ఒక అనుమానాస్పద అటాచ్‌మెంట్ కనిపించిందని యాంటీవైరస్ ఆ ఫైలు మొత్తాన్నీ పక్కకు లాగేస్తే ఇన్‌బాక్స్ అంతా కంటికి కనిపించకుండా పోతుంది. అందుకని థండర్‌బర్డ్ మెయిళ్లు, సెట్టింగ్స్ అన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించుకుని, అటాచ్‌మెంట్‌ను బయటికి సేవ్ చేసినప్పుడు తనిఖీ జరిగేలా చూసుకోవడం మంచి పద్ధతి.

ఏవి వాటంతట రావు

బ్రౌజర్‌లో పెట్టుకున్న సంతకం డెస్క్‌టాప్‌లోకి రాదు, మళ్లీ రాసుకోవాలి. కాంటాక్టులు, క్యాలెండర్ ఐమ్యాప్‌లో భాగం కావు. వాటికి కార్డ్‌డావ్, క్యాల్‌డావ్ అనే వేరే మార్గాలున్నాయి, థండర్‌బర్డ్ అడ్రస్ బుక్‌లోనూ క్యాలెండర్‌లోనూ వాటిని విడిగా కలుపుకోవాలి. ఫిల్టర్లను వీలైనంతవరకు వెబ్‌మెయిల్ వైపే పెట్టడం మేలు, ఎందుకంటే ప్రోగ్రామ్‌లో పెట్టిన ఫిల్టర్ కంప్యూటర్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది, ఆలోగా ఫోన్‌లో ఇన్‌బాక్స్ నిండుతూనే ఉంటుంది. ప్రోటాన్ మెయిల్ వంటి సేవలు మెయిళ్లను గుప్తలిపిలో దాస్తాయి కాబట్టి నేరుగా ఐమ్యాప్ ఇవ్వవు; మీ కంప్యూటర్‌లోనే నడిచే 'బ్రిడ్జ్' అనే చిన్న ప్రోగ్రామ్ మధ్యవర్తిగా ఉండాలి, అది చెల్లింపు ఖాతాలకే దొరుకుతుంది. విండోస్‌లోని కొత్త అవుట్‌లుక్ మరో విధంగా భిన్నమైనది: జీమెయిల్ లేదా యాహూ ఖాతాను అందులో చేర్చితే ఆ మెయిళ్ల నకలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు కూడా వెళుతుంది. మెయిల్‌ను తమ డిస్కులో ఉంచుకోవడం కోసమే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ వైపు వచ్చినవారు ఈ సంగతి గమనించాలి.

నకలు, విడిపోవడం

ఐమ్యాప్ ఖాతా డిస్కులో కనిపిస్తోంది కదా అని దాన్ని బ్యాకప్ అనుకోవడం పొరపాటు. ఫోన్‌లో ఎవరైనా వంద మెయిళ్లు తొలగిస్తే, తర్వాతి సింక్‌లో డెస్క్‌టాప్‌లోనూ అవి పోతాయి. పోకూడని మెయిళ్లను 'లోకల్ ఫోల్డర్స్' కింద ఒక ఫోల్డర్ చేసుకుని అందులోకి కాపీ చేయాలి. మూవ్ చేస్తే సర్వర్ నుంచి పోతాయి, కాబట్టి కాపీయే చేయాలి. ఆపైన థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కుకు నకలు తీసుకోవాలి. 'హెల్ప్' మెనూలోని 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' పేజీలో ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపించే బొత్తం ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్‌ను పెట్టుకుంటే ఖాతాలు, ఫిల్టర్లు, లోకల్ మెయిళ్లు అన్నీ తిరిగి వస్తాయి.

ఆ ఫోల్డర్‌లో మీ మెయిళ్లతోపాటు దాచిన పాస్‌వర్డ్‌లు, టోకెన్లు కూడా ఉంటాయి. కంప్యూటర్‌ను ఇంకొకరికి ఇచ్చే ముందు అందులో ఖాతాను తీసేసినంత మాత్రాన సరిపోదు. ముందుగా లోకల్ మెయిళ్ల నకలు భద్రంగా తెరుచుకుంటోందో లేదో వేరే కంప్యూటర్‌లో చూసుకోవాలి, తర్వాత ప్రొఫైల్ ఫోల్డర్‌ను చెరిపేయాలి, చివరగా బ్రౌజర్‌లో మెయిల్ ఖాతా భద్రతా పేజీ తెరిచి ఆ కంప్యూటర్ కోసం తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌ను, థండర్‌బర్డ్‌కు ఇచ్చిన అనుమతిని రద్దు చేయాలి. ఆ అనుమతిని రద్దు చేశాక మీ మరో కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ కూడా ఒకసారి సైన్-ఇన్ అడగవచ్చు. అక్కడ మళ్లీ అనుమతి ఇస్తే మెయిల్ యథావిధిగా వస్తుంది.